వారి కథను వారినే చెప్పనిండు

శ్రీరామనవమినాడు వేములవాడలో జరుగు కల్యాణోత్సవమును చూచినవారికి దానిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. చూడనివారికై నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అది శివక్షేత్రము, అయినను నాడు అచట జరుగునది సీతారాముల పెండ్లి. మాంగల్యధారణ సమయము సమీపించుసరికి ఆ జనసముద్రమున అచటచట చేత త్రిశూలము, నుదుట విభూతి ధరించిన స్త్రీలును, పురుషులును, ఆ రెండింట దేనియందును లోకము ఇముడ్పజాలని హిజ్రాలును వేలకొలదిగ లేచి, ఒండొరులపై తలంబ్రాలు చల్లుకొని, తాము శివుని వరించితిమని చాటుకొందురు. వారిని శివపార్వతులందురు. తెలంగాణమున నలుమూలలనుండియే కాక పొరుగు మహారాష్ట్రమునుండియు వారు వత్తురు.

మఱునాటి పత్రికలలో వారి ఛాయాచిత్రము పడును. దాని క్రింద రెండు పంక్తులుండును. వింతయాచారమని ఒకరు, మూఢవిశ్వాసమని మఱొకరు, అనాది సంప్రదాయమని వేఱొకరు తీర్పు చెప్పుదురు. ఆ త్రిశూలము పట్టిన చేయి యెవరిది? ఆమె యిల్లెక్కడ? ఆ పెండ్లి ఆమె కోరి చేసికొన్నదా, ఎవరైన చేసినదా? నవమి గడచిన పిమ్మట మిగిలిన యేడాదియంతయు ఆమెకు ఎట్లు జరుగుచున్నది? ఈ ప్రశ్నలను ఆమెనే అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసినవారు మిక్కిలి అరుదు. అడుగకయే తీర్పు చెప్పు ఈ యలవాటును గూర్చియే నేడు మా పాఠకులతో ముచ్చటింపదలచినాము.

వేములవాడ రాజన్నను పేదల దేవుడందురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలనుండి వచ్చువారు ధర్మగుండమున మునిగి, కోడెను పట్టుకొని గుడిచుట్టు త్రిప్పి, మ్రొక్కు తీర్చుకొందురు. ఆ వరుసలో సాంచెలు నడుపు పద్మశాలియు, బీడీలు చుట్టు ఇల్లాలును, దుబాయినుండి సెలవుపై వచ్చిన కూలియు, మునిగిపోయిన యూరి రైతును, శివసత్తియు ఒకరి వెనుక నొకరు నిలుతురు. ఆలయ ప్రాంగణముననే తరతరములుగ దర్గా యుండుటయు, స్వామికి మ్రొక్కినవారు అచటను మ్రొక్కుటయు ఈ సీమవారెల్ల చూచుచు వచ్చినదే. ఇన్ని విధముల జీవితములు ఒక్క వరుసలో నిలుచు చోటు మన దేశమున ననేకములు లేవు. అయినను, ఆ వరుసలోని యొకరి కథను మఱొకరు ఎఱుగరు. మనము అసలే యెఱుగము.

మేము ఆ ప్రాంతమున కొన్ని దినములు తిరిగి, సత్రముల యరుగులమీదను, బస్సులు నిలుచు చోట్లను, బీడీలు చుట్టు వాకిళ్ళయందును కూర్చుండి వినినాము. చెప్పినవారి పేర్లు వ్రాయవలదని వారే కోరిరి గావున వ్రాయము. వారి మాటలను మాత్రము మా గ్రాంథికమున పెట్టి చెఱుపక, వారి నోట వచ్చినట్లే ఉంచుచున్నాము.

ఇట్లు తన కథను తాను చెప్పుకొనుట ఈ సీమకు క్రొత్త కాదు. వేములవాడ రాజధానిగ ఏలిన చాళుక్యులలో రెండవ అరికేసరి కాలమున, క్రీ.శ. 945 ప్రాంతమున, గంగాధర సమీపమున కురిక్యాలకడ బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన శాసనము నేటికిని నిలిచియున్నది. ఈతడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. శాసనములు సామాన్యముగ రాజుల దండయాత్రలను, దానభూముల సరిహద్దులను చెప్పును. ఇది ఒక కుటుంబము యొక్క వృత్తాంతమును చెప్పినది. ఈ శాసనమువలనను, పంపకవి కావ్యమువలనను తెలియునది ఏమనగా: వారి పూర్వులు వేంగిదేశపు కమ్మనాటిలోని వంగిపర్రువారు, తల్లివైపువారు కన్నడసీమలోని అణ్ణిగేరివారు, వైదికకుటుంబమున పుట్టి జినమతమును స్వీకరించినవారు, తెలంగాణపు రాజాస్థానమున వెలసినవారు. ఆ కథను జినవల్లభుడు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో చెప్పించెను. అందలి తెలుగు కందపద్యములు నన్నయభట్టారకునికంటె సుమారు నూఱేండ్లు ముందటివి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి లభించుటకు పూర్వమును, పిమ్మటను, మన భాష ప్రాచీనతను నిరూపింపబూనినవారెల్లరు ఈ గుట్టవైపే వ్రేలు చూపుచున్నారు.

మనము గర్వించు ఆ బండ మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. ఒకటి: వెయ్యేండ్లనాడే ఒక యింటిలో రెండు మతములు, మూడు సీమలు, మూడు భాషలు ఇముడగలిగినవి, ‘నీవెవరవు’ అను ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము నాడును లేదు. రెండవది: బండయు, ధనమును, విద్యయు గలవాడు చెప్పుకొనెను; అదే గుట్టపై ఎండలో ఉలిపట్టి పనిచేసినవాని కథను మనము ఎఱుగము. వెయ్యేండ్లు గడచినను ఈ రెండవ సంగతిలో పెద్ద మార్పు వచ్చినదని మేము చెప్పలేము.

మన తండ్రులు, తాతలు ఇట్టి నిర్లక్ష్యమును తామును అనుభవించినవారే. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధినీ మందిరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా కొందఱు ఎగతాళి చేసి అల్లరి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు ప్రతివాదము వ్రాసి ఊరకుండలేదు. ఊరూరినుండి పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. మఱుసటి యేట, 1935లో, నాల్గవ ఆంధ్రమహాసభ ఈ సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగెను. మా నోట మా మాట పలుకనిండు, మేమున్నామని మేమే చెప్పుకొననిండు అని నాడు మనవారు కోరిరి. నాడు మనకు న్యాయమైనది నేడు బీడీలు చుట్టు స్త్రీకి అన్యాయమెట్లగును?

ఇక ఈ సీమలోని కొందఱి సంగతి చూతము.

సిరిసిల్ల యనగానే పత్రికలు చదువువారికి నేతగాండ్ర యాత్మహత్యలు జ్ఞప్తికి వచ్చును. ఈ శతాబ్దారంభమునుండి ఆ వార్తలు మఱల మఱల వచ్చుచునేయున్నవి గనుక అది వింత కాదు. కాని ఆ యూరిలో సాంచెలు వేలకొలది నడచుచున్నవి. నూలు నిచ్చు యజమాని, సాంచెలు గల ఆసామి, వానియొద్ద పూటకు పండ్రెండు గంటలు నిలిచి పనిచేయు కార్మికుడు అని ముగ్గురు ఆ వస్త్రమును నేయుచున్నారు. 2017 నుండి బతుకమ్మ చీరెల బేరమును ప్రభుత్వము వారికిచ్చినది. పిమ్మట ఆ బేరము ఆగినది. ఇటీవల స్వయంసహాయక సంఘముల స్త్రీలకు పంచు చీరెల బేరము వచ్చినది. ఒక యేట పని, ఒక యేట పస్తు. ఈ హెచ్చుతగ్గుల నడుమ ఇల్లు నడుపుకొని, పిల్లలను చదివించుకొన్నవారు అచట ననేకులు. వారిలో నొక వృద్ధుడు మాతో అన్నమాట ఇది: “మేం సచ్చిన్నాడు పేపర్ల పడ్తం సారూ. బతికి బట్ట నేసినన్నినాళ్ళు ఎవలు అడగరు.” పత్రికావృత్తిలో నున్న మాకు ఈ మాటకు బదులు తోచలేదు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములందు ఇంటింట బీడీలపని. తెల్లవారుజామున తునికాకు తడిపి, కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండిన స్త్రీకి వెయ్యి బీడీలు చుట్టువఱకు నడుము ఎత్తుటకు వీలుండదు. ప్రొద్దుగూకువేళ కార్ఖానాలో లెక్కకు నిలిచినపుడు బాగులేవని కొన్నింటిని తీసివేయుదురు. ఆ పోయినవి ఆమె కష్టములోనుండియే పోవును. 1966లో బీడీకార్మికులకై చట్టము వచ్చినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 1,000 రూపాయల జీవనభృతి నిచ్చి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. అది మేలే. కాని ఆ భృతి చిట్టాలో ఆమె ఒక సంఖ్య. మేము చూచిన యొక యిల్లాలు చేతిపని ఆపకయే ఇట్లు చెప్పినది: “కూలి తక్కువైతుందని చెప్తె అందరు రాసుకుంటరు. నాకు లెక్కలు మంచిగ వస్తయి, మా వాడకట్టు చీటీ లెక్కలన్ని నేనే చేస్త. గది మాత్రం ఎవలు రాసుకోరు.” ఆమె దుఃఖము మాత్రమే మనకు కావలెను, ఆమె నేర్పు మనకు అక్కఱలేదు. మనము దయ యనుకొనుచున్నది కూడ ఒకవిధమైన చిన్నచూపే యని ఆమె మాటవలన గ్రహించితిమి.

ఆ యిండ్లలో పెక్కింటి మగవారు గల్ఫు దేశములందున్నారు. హిందువులును, ముసల్మానులును, రైతుబిడ్డలును, మాలమాదిగలును ఒకే గదిలో అంచెలమంచములపై పరుండి, ఒకే పొయ్యిమీద వండుకొనుచున్నారు. ఏజెంటు చెప్పిన పని యొకటి, అచట దొరకు పని యొకటి. పాసుపోర్టు కఫీలు చేతిలో నుండును. ఆ కఫీలును విడిచి బయటపడినవానిని ‘కల్లివెల్లి’ యందురు. అట్టివానికి కాగితముల ప్రకారము ఆ దేశమున ఉనికియే లేదు. ఒకడు మాతో అన్నాడు: “కల్లివెల్లి అయినంక నాకు పేరు లేకుండె. ఎవలన్న పేరు వెట్టి పిలిస్తె ఉలిక్కిపడేటోన్ని. ఇంటికొచ్చి మా అవ్వ పిలిస్తె గప్పుడు నా పేరు నాకొచ్చింది.”

2005లో దుబాయిలో నొక నేపాలీ కావలివాని మరణమునకు సంబంధించిన కేసున శిక్షపడిన సిరిసిల్ల జిల్లావాసులు ఐదుగురు సుమారు 18 సంవత్సరములు అచటి చెఱలో గడపి, మృతుని కుటుంబము క్షమాపత్రము నిచ్చిన పిదపను ఏండ్లకొలది వేచి, 2024 ఫిబ్రవరి నాటికి ఇండ్లకు చేరిరి. విమానాశ్రయమున కౌగిలించుకొని యేడ్చిన దృశ్యమును లోకమెల్ల చూచినది. కాని ఆ 18 సంవత్సరములు ఇంటివద్ద గడపినవారి కథ యేది? ఎదురుచూచుచు, కూలిచేయుచు, న్యాయవాదుల కాగితములపై వ్రేలిముద్రలు వేయుచు, తండ్రిని ఎఱుగని పిల్లలను పెంచిన ఆ తల్లుల కథ కౌగిలింత చిత్రమున పట్టునది కాదు. గల్ఫున మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయమిచ్చుటకు 2024 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వము ఉత్తర్వు చేసినది. సంతోషమే. బ్రదికివచ్చినవారు తెచ్చిన యనుభవమును వినుటకు మాత్రము ఉత్తర్వు అక్కఱలేదు, చెవులున్న చాలును.

మానేటిపై మాన్వాడకడ కట్టిన మధ్యమానేరు జలాశయమునకు శ్రీ రాజరాజేశ్వరస్వామి పేరే పెట్టిరి. 25 టి.ఎం.సీ.లకు పైబడిన నీరు అందు నిలుచును. కొదురుపాక, నీలోజిపల్లి, అనుపురము, రుద్రవరము, సంకెపల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ మున్నగు గ్రామములు దానికై తమ యిండ్లను, పొలములను, శ్మశానములను విడిచినవి. ఆ నీటివలన దూరగ్రామముల పొలములు తడియుచున్నవి. మా పాఠకులలో కొందఱి చేలును తడియుచుండవచ్చును. పరిహారపు లెక్కలను గూర్చి వివాదములున్నవి. అవి తెగవలసిన చోట తెగునుగాక. కాని పునరావాస కాలనీలో నొక రైతు చెప్పిన మాట ఆ లెక్కలలో చేరునది కాదు: “మాది ఏ ఊరని అడిగితె ఇప్పటికి గా పేరే చెప్త. గా ఊరు లేదు గదా అంటరు. ఊరు మునిగింది, నేను మునగలె.” ఎవరి వీధి యెక్కడ, ఏ చెట్టుక్రింద పంచాయతి, ఏ బావి నీరు తీయన, ఏ పొలిమేరన పోచమ్మ — ఇవన్నియు నేడు అరువదేండ్లు దాటినవారి తలలలో మాత్రమే కలవు. మఱి యిరువదేండ్లకు ఆ తలలును ఉండవు.

ఇపుడు మొదట చెప్పిన శివపార్వతులకడకు వత్తము. వారిలో జోగినులుగ అర్పింపబడినవారు కలరు. 1988లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము వచ్చినది. ఆ చట్టము వారిని బాధితులన్నది. ఊరు వారిని మఱొక పేరుతో పిలిచినది. పూజావేళ ‘అమ్మా’ యన్నది. వారిని వారు ఏమని పిలుచుకొందురో అడిగినవారు లేరు. హిజ్రాల సంగతి ఇంకను విపరీతము. నైజాం ప్రభుత్వము ఫసలీ 1329లో, అనగా 1919లో, వారిపై నొక చట్టము చేసినది. దానిప్రకారము వారి పేర్లను రక్షకభటుల చిట్టాలో నమోదు చేయవలెను. స్త్రీవేషమున వీధిలో కనబడినను, బహిరంగముగ ఆడి పాడినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. నైజాం ప్రభుత్వము పోయినది, హైదరాబాదు రాష్ట్రము పోయినది, ఆంధ్రప్రదేశము విడిపోయినది. ఆ చట్టము మాత్రము 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయువఱకు పుస్తకములలో నిలిచియున్నది. అనగా నవమినాడు రాజన్న యెదుట చీర కట్టి, తలంబ్రాలు చల్లుకొని పాడిన హిజ్రా అక్షరార్థమున ఆ చట్టమునకు అపరాధియే!

అంతకుముందే, 2014 ఏప్రిలు 15న, సర్వోన్నత న్యాయస్థానము ఒక ముఖ్యమైన సూత్రమును చెప్పియున్నది. తాను స్త్రీయో, పురుషుడో, తృతీయలింగియో నిర్ణయించుకొను హక్కు ఆ మనుష్యునిదే యని దాని సారము. మేము దీనిని ఒక్క వర్గమునకు పరిమితమైన తీర్పుగ భావింపము. ‘నేనెవరు’ అను ప్రశ్నకు మొదటి సమాధానము ఆ మనిషి నోటినుండియే రావలెనని యందలి ధర్మము. అది నేతగానికిని, కూలికిని, నిర్వాసితునకును సమానముగ వర్తించును. మేము కలసికొన్న శివపార్వతి యొకరు ఇదే మాటను తీర్పు చదువకయే చెప్పిరి: “నన్ను ఏమని పిల్వాల్నో నన్ను అడుగుండ్రి. గంతే.”

ఈ వాదమునకు కొన్ని ఆక్షేపణలు వచ్చునని మేమెఱుగుదుము. చెప్పుకొన్నంత మాత్రమున కడుపు నిండునా యని మొదటిది. నిండదు. కాని వినకుండ చేసిన సహాయము తప్పుచోట పడుటను మనము దినదినము చూచుచున్నాము. పని కావలసినవానికి పింఛను, పింఛను కావలసినవానికి సలహా, ఓదార్పు కావలసినవారికి ఛాయాచిత్రము లభించుచున్నవి.

పాతగాయములను రేపుట గ్రామశాంతికి భంగకరమని రెండవ యాక్షేపణ. ఇది మా పాఠకులలో భూవసతి గలవారినుండి రావచ్చును గనుక వారితో నిర్మొగమాటముగ చెప్పుచున్నాము. ఈ సీమలో చెప్పబడు కథలలో మనమును పాత్రలమే. వెట్టి చేసినవాని కథలో చేయించుకొన్నవాడుండును. అప్పుపడినవాని కథలో వడ్డీ వ్రాసినవాడుండును. గల్ఫునకు పోయినవాని కథలో వాని రెండెకరముల భూమిని చవుకగ కొన్నవాడుండును. 1978 సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర చేసిరి. ఆ మఱుమాసముననే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలితప్రాంతములుగ ప్రకటింపబడినవి. తరువాతి దశాబ్దములలో ఈ పల్లెలు ఇరువైపుల ఎంత నెత్తురు చూచినవో పెద్దలకు తెలియును. వినకపోవుటవలన శాంతి కలుగలేదు. సకాలమున వినియుండినచో కొంత తప్పియుండునేమో యని తలపోయుట వివేకము. పల్లెలను విడిచి పట్టణములకు పోయిన భూస్వామి కుటుంబములకును ఒక కథ కలదు; భయముతో ఇల్లు విడిచిన వారి తల్లుల కథను కూడ అదే పంక్తిలో వినవలెను. ఒకరి కథకు చోటిచ్చుట మఱొకరి కథను త్రోసివేయుట కాదు.

మూడవ యాక్షేపణ మిక్కిలి బలమైనది. బీదవాని కన్నీటిని ప్రదర్శనవస్తువుగ చేయుట నేడు వ్యాపారమైనది. చేతిలోని ఫోనుతో ఎవని దుఃఖమునైన చిత్రించి, క్షణములో లోకమునకు చూపి, మెచ్చికోలు మూటగట్టుకొనువారున్నారు. అట్టిదానిని మేమును నిరసింతుము. దానికి మందు చెప్పనీయకుండుట కాదు, చెప్పువానికి అధికారమిచ్చుట. ఏది చెప్పవలెనో, ఏది వలదో, పేరుతోనో పేరులేకయో, ఎచట ఉంచవలెనో, ఎపుడు వెనుకకు తీసికొనవలెనో — నిర్ణయము ఆ మనిషిదే కావలెను.

ఈ పని అసాధ్యము కాదని చూపుటకు దృష్టాంతములున్నవి. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల యనుభవములను వారి నోటనే విని, వారి మాటలలోనే అచ్చువేసి, స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమును వెలువరించిరి. పోరాటమును గూర్చి నాయకులు వ్రాసిన గ్రంథములు చదివినవారును ఆ గ్రంథము చదివినపిదపనే, అడవిలో బిడ్డను కన్న స్త్రీకి, పోరాటము ముగిసి ఇంటికి పొమ్మనిపించుకొన్న స్త్రీకి ఆ చరిత్ర యెట్లుండెనో తెలిసికొనిరి. సముద్రమునకావల దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వము అంతరించిన పిమ్మట, 1996లో, ఆర్చిబిషప్ టూటూ అధ్యక్షతను సత్యశోధక సంఘము ఊరూరికి పోయి, బాధపడినవారిని వారి భాషలోనే చెప్పుడని కోరి, వినినది. ఆ చెప్పికొన్నవారికి పరిహారము అందుటలో జరిగిన జాగును, లోపములును గూర్చి అచట విమర్శలు నేటికిని కలవు. మనము ఆ మేలును, ఆ లోపమును రెండింటిని నేర్చుకొనవలెను.

కావున మా సూచన యిది. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలలలో గ్రంథాలయములున్నవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయము మేల్కొలుపునకు పుట్టినిల్లు. నెలకొక సాయంకాలము ఆ గ్రంథాలయములలో ఒక చాప పఱచి, ఒక దీపము పెట్టి, నలుగురిని పిలువుడు: ఒక నేతగాడు, ఒక బీడీకార్మికురాలు, ఒక గల్ఫు కూలి, ఒక నిర్వాసితుడు; మఱునెల ఒక శివపార్వతి, ఒక దూదేకులవాడు, ఒక పాతకాలపు పట్వారి, ఒక చాకలి. అధ్యక్షోపన్యాసము వలదు, శాలువ వలదు. వారు చెప్పుదురు, మనము విందుము. చెప్పిన మాటను వారి యాసలోనే వ్రాసి, వారికి చదివి వినిపించి, వారొప్పుకొన్న ప్రతిని గ్రంథాలయమున భద్రపఱుపవలెను. దుఃఖముతోపాటు నేర్పును, నవ్వును, వంటను, పాటను, వాదమును వ్రాయవలెను. ఆ కథలలో తీర్పవలసిన కష్టమున్నచో, సోమవారము కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజావాణికి దానిని మోసికొనిపోవు బాధ్యతను వినినవారిలో నొకరు తీసికొనవలెను. విని లేచిపోవుట కథాకాలక్షేపమగునుగాని న్యాయము కాదు.

దీనికి ధనము స్వల్పము. 2024 నవంబరులో రాజన్న యాలయ విస్తరణమునకు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిరి. కోట్ల రూపాయల పనులు తలపెట్టిరి. భక్తులకు నీడయు, నీరును, చోటును పెరుగుట మాకు సంతోషమే. ఆ విశాలమైన ప్రాకారమున ఒక గది, ఒక బీరువా, వ్రాయనేర్చిన యొక పిల్లవాడు — ఇంతకంటె మేము కోరుట లేదు. ఆలయాధికారులును, గ్రంథాలయ సంస్థయు, ఈ ప్రాంతపు కళాశాలల యుపాధ్యాయులును కలసికొన్నచో పని మొదలిడుటకు ఒక నెల చాలును. ముందుగ ముంపు గ్రామముల వృద్ధులతో ప్రారంభింపుడని మా మనవి. వారికి వ్యవధి తక్కువ.

మా పాఠకులను వ్యక్తిగతముగ కోరునది మఱియొకటి కలదు. మీ యింట పనిచేయు స్త్రీ, మీ పొలమున దున్ను పాలేరు, మీ దుకాణమున మూటలు మోయు కుఱ్ఱవాడు — వారిలో నొకరి యూరు, వారి తల్లి పేరు, వారికి బాగుగ వచ్చిన విద్య యేదియో మీకు తెలియునా? తెలియనిచో నేటి సాయంకాలము అడిగి తెలిసికొనుడు. మొదట వారు అనుమానింతురు. ఇన్నేండ్లు అడుగనివారు నేడు అడుగుచున్నారేమని. ఆ యనుమానము వారి తప్పు కాదు. మఱునాడు మఱల అడుగుడు.

వచ్చు శ్రీరామనవమికి వేములవాడ నిండును. త్రిశూలములు లేచును, తలంబ్రాలు కురియును, ఛాయాచిత్రకారులు త్రోసికొందురు. ఆ నవమి మఱునాటి మా పత్రికలో ఛాయాచిత్రము ఉండునో లేదో చెప్పజాలము. ఒక శివపార్వతి తన సంగతిని తన మాటలలో, తానొప్పుకొన్నంతవఱకు చెప్పుకొనుటకు ఒక నిండు పేజీని మాత్రము ఖాళీగ నుంచుదుము. ఆమె పేరు ఎట్లు వ్రాయవలెనో ఆమెనే అడిగి వ్రాయుదుము.